రాముడి తల్లి పేరు అడిగితే...

మొన్న మా అక్క కూతురు, "మామయ్యా, సుమిత్ర కొడుకులెవరు?" అని అడిగింది. లక్ష్మణుడు అన్నాను, శత్రుఘ్నుణ్ణి మర్చిపోయాను. సిగ్గేసింది. అప్పుడే అనంత్ పై గుర్తొచ్చారు.

ఆయన 1929లో కర్ణాటకలోని కార్కళలో పుట్టారు. రెండేళ్ళకే తల్లిదండ్రులు పోయారు. ముంబైలో కెమికల్ టెక్నాలజీ చదివి కూడా పుస్తకాల రంగానికి వచ్చేశారు. నేను ఇంజనీర్‌ని, అదెంత పెద్ద రిస్కో నాకు తెలుసు.

1967లో ఢిల్లీలో ఉండగా టీవీలో ఓ క్విజ్ చూశారు. గ్రీకు పురాణాల ప్రశ్నకి పిల్లలు టక్కున జవాబిచ్చారు. రాముడి తల్లి ఎవరంటే మాత్రం నోరు మెదపలేదు. ఆయన పిల్లల్ని తప్పుపట్టి ఊరుకోలేదు, వాళ్ళు ఇష్టంగా చదివే బొమ్మల పుస్తకాలు తెచ్చారు. అదే అమర్ చిత్ర కథ!

మన కథల్లో మొదటిది 'కృష్ణ'. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు, అయినా ఆపలేదు. తర్వాత బుద్ధుడు, గురునానక్, ఏసుక్రీస్తు కథలూ వచ్చాయి. పిల్లలకి 'అంకుల్ పై' అయిన ఆయన 2011లో కన్నుమూశారు.

ఈ ఆదివారం మా మేనకోడలితో కూర్చుని రామాయణం మొదటినుంచీ చదువుతున్నా. మీరు కూడా మీ ఇంట్లో పిల్లలతో మొదలుపెట్టండి. జై శ్రీరామ్!