రాళ్లను చదివిన మనిషి రాబర్ట్ బ్రూస్ ఫూట్

సికింద్రాబాద్ హాస్టల్లో చదువుకున్న వాళ్లకు రాళ్లు కొత్త కాదు. మౌలాలి గుట్ట ఎక్కని వాళ్లు మనలో తక్కువ. ఆదివారం బట్టలు ఉతుక్కుని, మధ్యాహ్నం భోజనం చేసి, పుస్తకాలు పట్టుకుని మేమంతా ఆ బండల నీడకే పోయేవాళ్లం. మేము ఆనుకుని కూర్చున్న గ్రానైట్ బండ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలని పీజీలో చేరాకగాని మాకు తెలియలేదు. ఆ తర్వాతే రాళ్ల గురించి చదవడం మొదలుపెట్టాం. ఆ చదువులో మాకు ఎదురైన మనిషి రాబర్ట్ బ్రూస్ ఫూట్. మన దేశపు పూర్వ చరిత్ర పరిశోధనకు పితామహుడిగా ఆయన్ని చెప్పుకుంటారు. ఆయన జీవితాన్ని మన హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పరిచయం చేయాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఫూట్ 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో పుట్టాడు. 24 ఏళ్ల వయసులో, 1858లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగంలో చేరి మద్రాసు రాష్ట్రానికి వచ్చాడు. కోస్తా ఆంధ్ర, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉండేవి. ఏ నేలలో ఏ రాయి ఉందో పటం గీయడం, బొగ్గు, బంగారం, ఇతర ఖనిజాల జాడ చెప్పడం ఆ సంస్థ పని. ఆ వివరాలు పాలకుల ఆదాయానికి కావాలి. ఈ సంగతి మనం మరచిపోనక్కర లేదు. అయితే ఫూట్ తనకు చెప్పిన పనితో ఆగిపోలేదు. ఆయన మామగారు పీటర్ పెర్సివల్ 1862లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ప్రచురించిన పండితుడు. మామగారు మాటలు పోగుచేస్తే అల్లుడు రాళ్లు పోగుచేశాడు.

1863 మే 30వ తేదీ ఆయన జీవితాన్ని మార్చింది. మద్రాసు దగ్గర పల్లావరంలో గరుసు తవ్విన ఒక గోతిలో ఆయనకు ఒక రాయి దొరికింది. చూసేవాళ్లకు అది మామూలు రాయే. కాని దాని అంచులు వరుసగా, రెండు వైపులా చెక్కి ఉన్నాయి. నీళ్లకు దొర్లిన రాయి నునుపుగా ఉంటుంది. ఈ రాయి అలా లేదు. ఇది మనిషి చేత్తో చేసిన గొడ్డలి అని ఆయన గుర్తుపట్టాడు. అంతకు నాలుగేళ్ల ముందే, 1859లో, ఐరోపాలో దొరికిన అలాంటి పనిముట్లను అక్కడి పండితులు అంగీకరించారు. మన దేశంలోనూ అంత పాత మనిషి బతికాడని చూపించిన మొదటి సాక్ష్యం పల్లావరం రాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఫూట్, ఆయన సహోద్యోగి విలియం కింగ్ కలిసి అత్తిరంపాక్కంలో మరిన్ని పనిముట్లు కనుగొన్నారు. ఆ చోట దొరికిన పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంత వయసు ఉంటుందని ఫూట్ కూడా ఊహించి ఉండడు.

తెలుగు నేల మీద ఆయన చేసిన పని చిన్నది కాదు. ఒంగోలు ప్రాంతం నుంచి మచిలీపట్నం వరకు కోస్తా శిలలను పరిశీలించి 1879లో నివేదిక రాశాడు. ఒంగోలు పరిసరాల్లోని వేమవరం రాతి పొరల్లో సైకస్ మొక్కను పోలిన ఆకుల ముద్రలు ఉంటాయి. అవి పది కోట్ల ఏళ్లకు పైబడినవి. మన సికింద్రాబాద్ బండల్లో ఇలాంటివి కనపడవు. గ్రానైట్ భూమి లోపల కరిగిన పదార్థం గడ్డకట్టగా ఏర్పడిన రాయి. ఆకు గాని ఎముక గాని నిలవాలంటే బురద, ఇసుక పొరలుగా పేరుకుని దాన్ని కప్పాలి. శిలాజాలు చూడాలనుకునే వాళ్లు మొదట తెలుసుకోవలసింది ఇదే.

బేతంచెర్ల పేరు వినగానే మనకు నాపరాళ్లు గుర్తొస్తాయి. ఇప్పటి నంద్యాల జిల్లాలోని ఆ ఊరి దగ్గరే బిల్లసర్గం గుహలున్నాయి. 1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి వాటి గురించి రాశాడు. నలభై ఏళ్ల తర్వాత ఫూట్ వాటిని మళ్లీ పరిశీలించాడు. సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న ఆయన కొడుకు హెన్రీ దగ్గరుండి తవ్వించాడు. గుహల మట్టిలో చాలా రకాల జంతువుల ఎముకలు దొరికాయి. వాటిలో ఖడ్గమృగం ఎముకలు కూడా ఉన్నాయి. లైడెక్కర్ అనే శాస్త్రవేత్త 1886లో ఆ ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టాడు. ఇప్పుడు మన అడవుల్లో కనపడని జంతువు ఒకప్పుడు మన రాయలసీమలో తిరిగింది! గుహల్లో ఎముకతో చేసిన పనిముట్లు కూడా ఉన్నాయని ఫూట్ చెప్పాడు. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి గారు అదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వకాలు జరిపి అలాంటి పనిముట్లు వెలికితీశారు.

మమ్మల్ని అన్నిటికన్నా కదిలించింది బూడిద దిబ్బల కథ. బళ్లారి ప్రాంతంలో పెద్ద పెద్ద బూడిద దిబ్బలుండేవి. రాక్షసులను కాల్చిన బూడిద అని జనం చెప్పుకునేవారు. అది కొత్త రాతియుగపు పశువుల కాపరుల పేడ కాలిన బూడిద అని ఫూట్ అన్నాడు. అందరూ ఒప్పుకోలేదు. ఆయన పోయిన 45 ఏళ్లకు, 1957లో, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు దిబ్బను ఆల్చిన్ తవ్వించాడు. పశువుల దొడ్డి జాడలు, గిట్టల గుర్తులు కూడా బయటపడ్డాయి. ఫూట్ మాట నిలబడింది.

ఆయన చెప్పినవన్నీ నిజం కాలేదు. పాత రాతియుగానికి, కొత్త రాతియుగానికి మధ్య మనుషులు లేని పెద్ద ఖాళీ ఉందని ఆయన నమ్మాడు. ఆ ఖాళీ లేదని తర్వాతి పరిశోధనలు చూపించాయి. తాను చూసిన దాని మీద నిలబడ్డాడు కనుకనే ఆయన తప్పులు దిద్దడం కూడా తర్వాతి వాళ్లకు సులువైంది. ఏ రాయి ఎక్కడ దొరికిందో రాసిపెట్టుకున్నాడు.

ఫూట్ 1891లో సర్వే నుంచి రిటైరయ్యాడు. తర్వాత బరోడా, మైసూరు సంస్థానాల్లో పనిచేసి ఏర్కాడులో స్థిరపడ్డాడు. జీవితమంతా పోగుచేసిన పనిముట్లు 1904లో మద్రాసు మ్యూజియానికి చేరాయి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో కన్నుమూశాడు. ఆయన తయారుచేసిన జాబితా, వివరణ 1914, 1916 సంవత్సరాల్లో అచ్చయ్యాయి. చెన్నై వెళ్లే మిత్రులు ఎగ్మూరు మ్యూజియంలో ఆ సేకరణ గురించి తప్పక అడగండి.

ఈ జీవితం మనకెందుకు? మా ఇళ్లలో పెద్దవాళ్లకు సంతకం రాదు. తాతల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. చరిత్ర అంటే రాజులది, రాయడం వచ్చినవాళ్లది అనుకుని మేము పరీక్షలకు చదివాం. ఫూట్ పోగుచేసినవి రాజుల కిరీటాలు కావు. రాయి కొట్టిన చేతుల పని, పశువులు కాసిన వాళ్ల పేడ దిబ్బలు. ఒక్క అక్షరం రాయని మనుషులు లక్షల ఏళ్ల చరిత్ర వదిలి వెళ్లారని ఆయన చూపించాడు. గుహల్లో ఆయన కోసం తవ్విన కూలీల పేర్లు మాత్రం మన పాఠాల్లో కనిపించవు. ఆ లోటు తీర్చవలసింది మన తరమే.

మన ఊళ్ల చుట్టూ గుట్టలు కరిగిపోతున్నాయి. రాయి కొట్టి బతికే కుటుంబాలు మనలోనూ ఉన్నాయి కనుక పని ఆపమని మేము అనలేం. కాని కొట్టేముందు ఒకసారి చూడమని అనగలం. సెలవులకు ఊరెళ్లినప్పుడు చెక్కిన అంచున్న రాయి గాని, బండలో ఆకు ముద్ర గాని కనపడితే కదిలించకండి. ఫొటో తీసి, చోటు రాసుకుని, పురావస్తు శాఖకో, దగ్గరి కాలేజీలో జియాలజీ చెప్పే మాస్టారికో చూపించండి. ఫూట్ ఆ రోజు పల్లావరంలో వంగి చూడకపోతే ఆ రాయి గరుసులో కలిసి ఏ రోడ్డు కిందకో పోయేది.