అన్నదాన ధర్మజ్యోతి – మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ



ఆలయ జీర్ణోద్ధరణ పూర్తయి, కుంభాభిషేక మహోత్సవం జరుపుకొనుచున్న ఈ శుభవేళ ఈ సంచిక మీ కరకమలాలను అలంకరించుచున్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలోని భక్తులు తమ శక్తికొలది ధనం, ధాన్యం, శ్రమ సమర్పించినందువలననే ఇట్టి పుణ్యకార్యాలు నెరవేరుచున్నవి. ఈ సందర్భంలో మన సీమలోనే జన్మించి, తనకంటూ ఏ ఆస్తియు లేకుండానే తిరుమల కొండపై యాత్రికులకు అన్నం పెట్టి దాహం తీర్చిన ఒక మహాయోగిని చరితమును స్మరించుకొనుట ఎంతయు సముచితం. ఆమె మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ. కవయిత్రిగా, భక్తురాలిగా ఆమె మనకందరకు పరిచితురాలే. ఇతరులిచ్చిన దానాన్ని చేతపట్టి ధర్మంగా నడిపించిన నిర్వాహకురాలిగా కూడ ఆమెను తెలిసికొనవలసియున్నది.

జననం – బాల్యం

వాయల్పాడుకు చేరువలో, గుర్రంకొండ మండలంలో తరిగొండ గ్రామం కలదు. పూర్వం ఒక ఇల్లాలు పెరుగు చిలుకుచుండగా ఆ కుండలో నృసింహస్వామి శిలారూపంలో సాక్షాత్కరించినాడనియు, ఆ తరికుండయే కాలక్రమంలో తరిగొండ అయినదనియు స్థలపురాణం. ఆ స్వామి సన్నిధిలో 1730వ సంవత్సరంలో కానాల కృష్ణయ్య, మంగమాంబ అను నందవరీక బ్రాహ్మణ దంపతులకు వెంగమాంబ జన్మించినారు. వేంకటేశ్వరుని పేరిట పెట్టిన వెంకమ్మ అను నామమే జనవ్యవహారంలో వెంగమ్మగా, వెంగమాంబగా స్థిరపడినది.

బాల్యం నుండియే ఆమెకు ఆటపాటలకంటె ధ్యానమునందే మక్కువ. ఏ ఉపాధ్యాయుని వద్దను తాను ఓనమాలు దిద్దలేదనియు, స్వామియే తనచేత పలికించినాడనియు ఆమె తన కావ్యంలో వినయపూర్వకంగా చెప్పుకొన్నారు. యోగవిద్యలో ఆమెకు మార్గదర్శకులైనవారు మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రిగారు. ఆమెను యోగినిగా తీర్చిదిద్దిన గురుపీఠం మన మదనపల్లెలో ఉండినదని తలచుకొన్నప్పుడు మన ఒడలు పులకరించక మానదు.

వైధవ్యం – పరీక్షలు

నాటి ఆచారం ప్రకారం వెంగమాంబకు పసితనంలోనే వివాహం జరిగినది. భర్త ఇంజేటి వేంకటాచలపతి అచిరకాలంలోనే పరమపదించినారు. శ్రీనివాసుడే తన నిత్యభర్త అని నమ్మిన ఆమె పసుపుకుంకుమలను విసర్జించుటకు, శిరోముండనం చేయించుకొనుటకు అంగీకరించలేదు. గ్రామపెద్దలు ఆక్షేపించినారు, బంధువులు దూరమైనారు. పుష్పగిరి పీఠాధిపతి విచ్చేసి ప్రశ్నించినప్పుడు ఆయనను ఆసనం నుండి లేవమని వేడి, ఆ ఆసనానికి ఆమె నమస్కరించగా అది భగ్గున మండినదని జనశ్రుతి. ఈ కథను నమ్మువారు నమ్ముదురు. అయితే పద్దెనిమిదవ శతాబ్దంలో ఒక చిన్న పల్లెలో ఒంటరియైన ఒక యువతి తన విశ్వాసాన్ని విడువక నిలువగల్గుటయే ఒక మహత్తరమైన విషయం కాదా?

తరిగొండ నృసింహాలయంలోని ఆంజనేయస్వామి విగ్రహం వెనుక కూర్చుండి ఆమె తపస్సు చేసినారు. తరిగొండ నృసింహ శతకం, శివనాటకం, రాజయోగామృతసారం వంటి రచనలు ఆ కాలమునాటివే. ఊరిలోని వేధింపులు మితిమీరగా ఆమె తిరుమలకు తరలిపోయినారు.

తిరుమల నివాసం

కొండపై ఆమెకు హథీరాంజీ మఠ మహంతులు, తాళ్ళపాక అన్నమాచార్య వంశీయులు ఆశ్రయం కల్పించినారని చెప్పుదురు. కొంతకాలం ఆమె జనసంచారం లేని తుంబురుకోనలో యోగసాధన సాగించినారు. శ్రీవారి ఏకాంతసేవ వేళ ఆమె సమర్పించిన ముత్యాలహారతి నేటికిని ఆమె పేరిటనే జరుగుచున్నది. తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి అను నానుడి అట్లే పుట్టినది. శ్రీ వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, అష్టాంగయోగసారం, విష్ణుపారిజాతం, చెంచు నాటకం మొదలైన గ్రంథాలను ఆమె రచించినారు.

అన్నదానం – చలిపందిళ్ళు

దాతలైన మీరు ప్రత్యేకించి గమనించవలసిన ఘట్టం ఇది. తన ఇలవేల్పు నృసింహుని జయంతి సందర్భంగా వెంగమాంబ తిరుమలలో పది దినాలపాటు అన్నదానం జరిపించి, చలిపందిళ్ళు వేయించినారు. నృసింహ జయంతి వైశాఖ శుద్ధ చతుర్దశి నాడు వచ్చును. రాళ్ళు సైతం వేడెక్కు కాలమది. 1944లో తొలి ఘాట్ రోడ్డు ఏర్పడువరకు కొండకు మోటారు మార్గం లేదు. అలిపిరి మార్గంలో నేటి లెక్క ప్రకారం 3,550 మెట్లు, శ్రీవారిమెట్టు మార్గంలో 2,388 మెట్లు కలవు. మన సీమ నుండి భాకరాపేట కనుమ దాటి, చంద్రగిరి వైపుగా కాలినడకన వచ్చు పల్లెవాసి చద్దిమూట అప్పటికే అయిపోయి యుండును. అట్టివానికి దప్పిక తీర్చు ఒక్క ముంత నీరు, ఆకలి తీర్చు ఒక్క విస్తరి అన్నం ఎంత విలువైనవో ఆలోచించండి.

ఈ ధర్మానికి నిధులు ఎక్కడివి? వెంగమాంబకు పుట్టింటి సంపద లేదు, అత్తింటి మాన్యాలు లేవు, రాజాశ్రయమూ లేదు. పలు ప్రాంతాల దాతలు ఆమె సత్రానికి దానపత్రాలు వ్రాసి యిచ్చినట్లు ఆధారాలు కలవు. ఆమె నిష్ఠను చూచి నమ్మి ఇచ్చినారు. అన్నదానమనగా బియ్యంతో ముగియునది కాదు. పప్పు, ఉప్పు, చింతపండు, వంటచెరకు, విస్తరాకులు, కుండలు, నీరు మోయువారి కూలి, వంటవారి బత్తెం – ఇవన్నియు సమకూడవలెను. పైగా ఒక ఏడు జరిపి మరుసటి ఏడు మానివేసినచో, ఆ పందిరిని నమ్ముకొని కొండ ఎక్కిన యాత్రికుడు దాహంతో అలమటించును. కనుక అప్పటికప్పుడు లభించిన విరాళంకంటె ఏటేటా వచ్చు రాబడియే ఇట్టి ధర్మాలకు ప్రాణం.

ఆ కాలం ఎట్టిదో కూడ స్మరించవలెను. 1780లో హైదరాలీ కర్ణాటకంపై దండెత్తినాడు. 1782 డిసెంబరులో చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట వద్ద మరణించినాడు. వెంగమాంబ పుట్టిన గుర్రంకొండ సీమ 1792లో మైసూరు చేతి నుండి నిజాముకు, 1800లో నిజాము నుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినది. 1801లో తిరుమల ఆలయ వ్యవహారాలు సైతం కంపెనీ అధీనంలోకి వచ్చినవి. పన్నులు వసూలు చేయు దొరలు మారుచుండిరి, సైన్యాల రాకపోకలతో పల్లెలు నలిగిపోవుచుండెను. అట్టి అస్థిరకాలంలో ఒక వృద్ధ యోగిని చేతికి దాతలు తమ సొమ్మును అప్పగించినారనగా, ఆమెపై వారికి గల విశ్వాసం ఎంతటిదో ఊహించవచ్చును.

మన సీమ దాన సంప్రదాయం

ఇట్టి ఏర్పాటు మన ప్రాంతానికి క్రొత్తది కాదు. జీవనదులు లేని ఈ మెట్టసీమలో చెరువులే ఆధారం. చెరువు త్రవ్వించి, కట్టను కాపాడువానికి ఆ చెరువు క్రింద సాగగు భూమి రాబడిలో కొంత భాగాన్ని ఇనాముగా ఇచ్చు పద్ధతిని దశబంధం అందురు. చిత్తూరు, కడప సీమల గ్రామాలలో ఈ దశబంధ ఇనాములు విరివిగా ఉండినవి. కట్ట చెడిపోయినచో ఇనాము అనుభవించువాడు బాగుచేయించవలెను. అనగా దానంతోపాటు బాధ్యత కూడ ముడిపడి యుండెను. దేవాలయానికి ధూపదీప మాన్యం, సత్రానికి అన్నదాన మాన్యం, చలివేంద్రానికి నీటి మాన్యం – ఇవన్నియు ఇట్టి ఆలోచన నుండి పుట్టినవే.

తానిచ్చిన దానం వలన కలుగు పుణ్యంకంటె, పరులిచ్చిన దానాన్ని పరిపాలించుట వలన కలుగు పుణ్యం రెండింతలని మన శాసనాలు చెప్పుచుండును. దానాన్ని అపహరించినవానికి కలుగు పాపాన్ని కూడ ఆ శాసనాల చివరనే చెక్కించినారు. మన పూర్వులకు దాత ఎంత ముఖ్యుడో, ధర్మాన్ని నిలుపువాడు అంతకంటె ముఖ్యుడు. వెంగమాంబ ఈ రెండవ పుణ్యాన్ని ఆచరించి చూపినారు. ఇచ్చినవారి సొమ్ము ఇచ్చిన పనికే, ఇచ్చిన తిథికే చేరవలెనన్నది ఆ ధర్మం.

సమాధి – అనంతర వైభవం

1817వ సంవత్సరం, ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమి నాడు, ఎనుబదియేడేండ్ల ప్రాయంలో వెంగమాంబ సమాధి పొందినారు. తిరుమలలో ఆమె బృందావనం నేటికిని దర్శనీయం. ఏటేటా నృసింహ జయంతి నాడు ఆమె జయంతి, శ్రావణంలో వర్ధంతి జరుగుచున్నవి.

ఆమె వేయించిన పందిళ్ళు కాలగర్భంలో కలిసిపోయినను ఆమె చూపిన బాట మరుగున పడలేదు. 1933లో ఏర్పడిన తిరుమల తిరుపతి దేవస్థానం ఆధ్వర్యంలో 1985 ఏప్రిల్ 6వ తేదీన నాటి ముఖ్యమంత్రి నందమూరి తారకరామారావుగారు నిత్యాన్నదాన పథకాన్ని ప్రారంభించినారు. తొలినాళ్ళలో దినానికి సుమారు 2,000 మందికి భోజనం లభించెడిది. భక్తుల విరాళాలను బ్యాంకులలో నిలువచేసి, వాటిపై వచ్చు వడ్డీతో అన్నదానం నడుపుట ఆ పథకానికి పునాది. మూలధనం కరగదు, వంటశాల పొయ్యి ఆరదు. 2011 జూలై 7వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీమతి ప్రతిభా పాటిల్ తిరుమలలో నూతన అన్నప్రసాద భవనాన్ని ప్రారంభించినారు. ఒక్కొక్కటి వేయిమంది కూర్చుండి భుజించగల నాలుగు భోజనశాలలు అందులో కలవు. ఆ భవనానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టినారు. ఊరివారు నిరాకరించిన ఒక అనాథయోగిని పేరు తలచి నేడు అసంఖ్యాక జనం అన్నం ముద్ద నోట పెట్టుకొనుచున్నారు. ఇంతకంటె ఘనమైన స్మారకం ఏ చక్రవర్తికి లభించినది?

దాతలకు మనవి

భక్తులారా! గోపురం కట్టుటకు దాతలు సులభంగా ముందుకు వత్తురు. శిలాఫలకంపై పేరు నిలుచును, కన్నుల పండువగా కుంభాభిషేకం జరుగును. కాని మండలదీక్ష ముగిసి, విద్యుద్దీపాల తోరణాలు విప్పిన పిమ్మట, ఏ పండుగయు లేని ఒక సామాన్య దినాన సాయంకాలం స్వామి ముందు దీపంలో నూనె పోయువారెవరు? అర్చకస్వామి కుటుంబానికి బత్తెమెవరిది? వైశాఖంలో ఆలయ ద్వారం ముందు చలివేంద్రం ఎవరు నడుపుదురు? అందంగా పునర్నిర్మించిన గుడులు కొన్ని ఏండ్లకే దీపం లేక చిన్నబోయిన దృశ్యాలు మన పల్లెలలో మీరు చూచియే యుందురు.

కనుక వెంగమాంబ చరితం మనకు నేర్పు పాఠాన్ని ఆచరణలో పెట్టుదము. కట్టడానికి ఇచ్చిన దానితోపాటు శాశ్వతనిధికి కూడ కొంత వేరుగా ఇత్తము. ఏ కైంకర్యానికి ఇచ్చుచున్నామో పత్రంలో స్పష్టంగా వ్రాయింతము. ఏటేటా ఉగాది నాడు జమాఖర్చులను అందరు చూచునట్లు ఆలయ ప్రాంగణంలో ప్రకటించుట ధర్మకర్తలకు గౌరవం, దాతలకు తృప్తి. తాతలు ఇచ్చిన మాన్యాలు, చెరువులు అన్యాక్రాంతం కాకుండ కాపాడుట మనుమల విధి. ధనం లేనివారు వేసవిలో ఒక పూట నీరు మోసినను, అన్నదానం నాడు విస్తళ్ళు ఎత్తినను అది వెంగమాంబ సేవయే.

ఈ ఆలయంలో వెలిగిన దీపం తరతరాలు ఆరకుండుగాక! ఇక్కడికి ఆకలితో వచ్చినవారు ఆకలితో మరలకుందురుగాక! ఈ మహాకార్యంలో పాలుపంచుకొన్న ప్రతి కుటుంబాన్ని తరిగొండ నృసింహుడు, వేంకటాచలపతి సదా రక్షింతురుగాక!

స్వస్తి.