భయాన్ని గెలిచిన దోర్నకల్ బిషప్

దామరచర్ల, మిర్యాలగూడ, కోదాడ వైపు నుంచి వచ్చిన మన మిత్రులు చాలామందికి దోర్నకల్ అంటే రైలు జంక్షన్ అని మాత్రమే తెలుసు. ఆ ఊరి పేరు దేశదేశాలకు వినిపించేట్టు చేసినవారు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

ఆయన తెలుగువారు కాదు. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలో ఒక పల్లెటూరి పాదిరి ఇంట పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని డిగ్రీ చేతికి రాలేదు. (1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమే పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పరీక్షల ముందు ఈ సంగతి మనకు కొంత ఊరట!) వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి 1909లో నైజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చారు. భాష కొత్త, మనుషులు కొత్త, చుట్టూ అడవి. మొదట్లో గుడారంలోనే కాపురం.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సభ నిండా తెల్లదొరలే. మీరు మాకోసం ప్రాణాలైనా ఇస్తారు గాని మమ్మల్ని స్నేహితులుగా చూడరని, ముప్పై అయిదేళ్ల అజరయ్య వాళ్ల ముఖంమీదే చెప్పారు. కొందరికి కోపమొచ్చింది. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. భారతీయుని కింద తెల్లవాళ్లు ఎట్లా పనిచేస్తారని గొణిగినవాళ్లూ లేకపోలేదు.

ఇక పల్లెల సంగతి. ఆయన దగ్గరకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల కూలీలు. గత్తర వస్తే అమ్మవారి కోపమని భయం, చీకటి పడితే దయ్యం భయం, తెల్లారితే దొర భయం. మాది వ్యవసాయ కుటుంబం. రాత్రిపూట మోటరు వేయడానికి పొలం పోతుంటే చింతచెట్టు కాడ నా నడక దానంతటదే వేగమయ్యేది. సైన్సు చదివినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. నూరేళ్ల కిందటి మనిషి సంగతి చెప్పాలా?

క్రీస్తు అన్ని శక్తులకంటే పెద్దవాడని నమ్మినవాడికి దయ్యాలతో పనిలేదని అజరయ్య బోధించారు. అయితే వెళ్లగొట్టాల్సిన దయ్యాలు నాలుగున్నాయని కూడా చెప్పారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. నాకు బాగా నచ్చింది ఇదే. రైతు ఇంట్లో పుట్టినవాడికి మూడో దయ్యం గురించి ఎవరూ వివరించనక్కరలేదు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తలమీద చేయి పెట్టించి, తాము నమ్మింది నలుగురికీ చెప్తామని మాట తీసుకునేవారు. పెద్దల ముందు నోరెత్తడానికి జంకే మనిషికి అదేం చిన్న సంగతి కాదు.

కులం మాత్రం చర్చిలోకీ వెంట వచ్చింది. దానితో ఆయన చివరిదాకా పోరాడుతూనే ఉన్నారు. సామూహిక మతమార్పిడులను గాంధీజీ ఒప్పుకోలేదు, 1930లలో ఇద్దరికీ పొసగలేదు. అది వేరే వ్యాసం అవుతుంది.

గుమ్మటాలతో, మన దేశపు శిల్పరీతిలో దోర్నకల్‌లో కట్టించిన పెద్ద చర్చి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. సమాధి ఆ ఊళ్లోనే ఉంది. అన్ని సంఘాలూ ఒకటి కావాలని ఆయన ఎన్నో ఏళ్లు పాటుపడిన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది.