అన్నదమ్ముల్ని మింగిన పేగు జబ్బు... మందు చూపిన భీమవరం బిడ్డ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు లంక గ్రామాల్లో బోదకాలు రాకుండా పంచే డీఈసీ మాత్ర మనందరికీ తెలుసు. గర్భిణులకు ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్-ఫోలిక్ మాత్ర కూడా తెలుసు. ఈ రెండింటి వెనకా ఉన్న మనిషి ఈ పక్కనే భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

పేద కుటుంబం. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో పోయారు. మనవాళ్లు గ్రహణి అనేది దీన్నే. చిన్నపేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, రక్తహీనతతో మనిషి చిక్కి శల్యమవుతాడు. అదే జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది, కానీ బతికి బయటపడ్డారు.

మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను తొడిగినందుకు ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూతతో అమెరికా వెళ్లారు. అక్కడ ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ చదివారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే చనిపోయాడు. ఆ బిడ్డ ముఖం ఆయన చూడనే లేదు.

హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలపై పనిచేశారు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. కొద్దికాలానికే క్యూబాలో స్ప్రూ రోగులకిస్తే రక్తం పెరిగి కోలుకున్నారు. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బుకు మందు అలా దొరికింది. అదే బృందం చేసిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు తొలిసారి ఊరట ఇచ్చారు. 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడలేదు.

ఫోలిక్ ఆసిడ్‌ను పీల్చుకునేది చిన్నపేగు పైభాగమే. చాలా అరుదుగా కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఆ శక్తి ఉండదు. నెలల వయసులోనే రక్తహీనత, విరేచనాలు, ఎదుగుదల లేకపోవడం కనిపిస్తాయి. త్వరగా గుర్తించి ఫోలినిక్ ఆసిడ్ ఇస్తే కాపాడొచ్చు. కాబట్టి పసిబిడ్డకు విరేచనాలు తగ్గక, బరువు పెరగకపోతే నాటు వైద్యంతో రోజులు గడపకుండా పిల్లల డాక్టర్‌కు చూపించాలి.

తల్లులకు మరో మాట. బిడ్డ వెన్నుపాము గర్భం వచ్చిన 28 రోజుల్లోనే రూపుకడుతుంది. అప్పటికి చాలామందికి గర్భమని కూడా తెలియదు. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ వేసుకోవాలి. ఏ మాత్ర, ఎంత అన్నది డాక్టర్‌నో ఏఎన్ఎంనో అడిగి మొదలుపెట్టండి.