పెస్టలాజీ మహాశయుఁడు

విద్యాదానతత్పరులగు మన కులబాంధవుల యెదుట స్విట్జర్లండు దేశీయుఁడగు పెస్టలాజీ మహాశయుని చరితమును సంగ్రహముగా నిలుపుచున్నారము. ఈయన 1746లో జ్యూరిచ్ నగరమున జన్మించి యైదేండ్ల ప్రాయముననే తండ్రిని గోల్పోయెను. 1774లో నోయిహోఫ్ అను తన క్షేత్రమున బీదబాలురను జేర్చుకొని పనియుఁ జదువును నేర్పెను. ధనము చాలక 1780లో నా శాల మూతపడెను.

1798 సెప్టెంబరునందు ఫ్రెంచిసేనలు స్టాన్స్ ప్రాంతమున నిండ్లు దగ్ధము చేసి పెక్కుమందిని జంపెను. మఱుసటి జనవరిలో నీయన యచటి కన్యకామఠమున ననాథశాలను దెఱచి, యొక్క పనికత్తె తోడుగా నించుమించు ఎనుబదిమందిని బోషించెను. గజ్జితోను, చింకిపాతలతోను, ఎవ్వరిని నమ్మని చూపులతోను వచ్చిన బిడ్డలు వారు. ఈయన నీతివాక్యములు వల్లె వేయింపలేదు; వారితోనే భుజించి, వారి నడుమనే శయనించి, ముందు ప్రేమను, పిమ్మట నభ్యాసమును, తుదకు మాటను వినియోగించెను. ఆల్ట్‌డార్ఫ్ పట్టణము తగులఁబడఁగా, నచటి నిరాశ్రయబాలురను బిలుతమా యని యీయన యడిగెను. తమ కూడు తగ్గునని యెఱిఁగియు నా పిల్లలు కన్నీటితో సమ్మతించిరి.

1799 జూనులో నా శాల సైనికవైద్యశాల యయ్యెను. పిదప బర్గ్‌డార్ఫ్, ఇవర్డన్ పాఠశాలలచే లోకవిఖ్యాతుఁడై 1827లో దివంగతుఁడయ్యెను.

వసతిగృహములు గట్టించు దాతలారా! గోడలతోపాటు పిల్లలతోఁ గలసి భుజించు గురువునుగూడ సమకూర్పుఁడని మా ప్రార్థన.