బ్రౌన్ మూటగట్టిన మాటలు

ఇంటర్‌లో ఒక వక్తృత్వ పోటీలో బస్సు, రోడ్డు, టైము అన్నానని నాకు మార్కులు కోశారు. తెలుగు రాదని నవ్వారు కూడా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం కదా, నిజమేనేమో అనుకుని తెలుగులో మాట్లాడటమే తగ్గించేశాను. తర్వాత సి.పి.బ్రౌన్ గురించి చదివాను.

ఆయన 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో కంపెనీ ఉద్యోగానికి మద్రాసు వచ్చాడు, 1820లో కడప. తర్వాత మా పాత కృష్ణా జిల్లాలోని మచిలీపట్నంలోనూ పనిచేశాడు. తెలుగు మొదలుపెట్టింది ఉద్యోగం కోసమే. వేమన పద్యాలు తగిలాక మాత్రం ఇక వదల్లేదు. 1829లో వాటిని ఇంగ్లీషు అనువాదంతో అచ్చేయించాడు. కడపలో బంగళా కొని, పండితుల్ని పెట్టుకుని, తాటాకు ప్రతులు తెప్పించి, తప్పులు సరిచేయించి కాపీలు రాయించాడు. జీతాలన్నీ సొంత డబ్బే. దానికోసం అప్పులపాలయ్యాడు.

1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అందరికీ తెలుసు. నాకు నచ్చింది మాత్రం 1854లో వచ్చిన మిశ్రభాషా నిఘంటువు. కావ్యాల్లో ఉన్న మాటే మాట అనుకునే కాలంలో, కచేరీల్లో, బజార్లో జనం వాడే పరాయి మాటల్ని ఏరి, అర్థాలు రాశాడు. ఇంగ్లీషు, హిందుస్తానీ, ఏదైనా సరే. వాటికి విడిగా పుస్తకం ఎందుకు, అసలు దాంట్లోనే కలిపేయొచ్చుగా అని నాకు కొంచెం కోపం ఉంది. కానీ ఆ మాటల్ని తప్పని కొట్టిపారేయలేదు, అర్థం చెప్పాల్సినవి అనుకున్నాడు. నా మార్కులు కోసిన వాళ్లు ఆ మాత్రం కూడా అనుకోలేదు.

ఇంకో సంగతి. బాండికూట్ అనే ఇంగ్లీషు మాట మన పందికొక్కు నుంచే వెళ్లింది. అక్కడ దానికి ఎవరూ మార్కులు కోసినట్టు లేదు!

బ్రౌన్ 1855లో ఇంగ్లండ్ వెళ్లిపోయి, లండన్‌లో తెలుగు ప్రొఫెసర్‌గా పనిచేసి, 1884 డిసెంబరు 12న అక్కడే చనిపోయాడు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరుతో లైబ్రరీ, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. నేనింకా వెళ్లలేదు.

మొన్న సెలవులకి విస్సన్నపేట వెళ్లినప్పుడు ఇదంతా మా అమ్మమ్మకి చెప్పాను. తారీఖు అరబ్బీ నుంచి, కాగితం పారశీ నుంచి వచ్చాయంటే సరే అంది. మేస్త్రీ పోర్చుగీసు మాటంటే మాత్రం అస్సలు నమ్మలేదు. మా గోడ కట్టిన మేస్త్రీది పక్క ఊరేనట.