రేడియో అన్నయ్య: టీవీ లేని రోజుల్లోనే పిల్లల షో.. మైకు వాళ్ల ముందే!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల.. ఏ ఊరైనా ఇప్పుడు ఇదే సీన్. పిల్లాడు అన్నం తినాలంటే ఎదురుగా ఫోన్ ఉండాల్సిందే. ఒక కార్టూన్ అయిపోతే ఇంకోటి దానంతట అదే వచ్చేస్తుంది. వెతకాల్సిన పనే లేదు. కానీ మా పిల్లలకు పనికొచ్చే ప్రోగ్రామ్ ఏదీ అని అడిగితే చాలామంది తల్లిదండ్రుల దగ్గర జవాబు ఉండదు. మన తెలుగునాట టీవీ అడుగుపెట్టకముందే దానికి జవాబు చూపించిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయనే రేడియో అన్నయ్య.

ఎవరీ అన్నయ్య?

అసలు పేరు న్యాయపతి రాఘవరావు. 1905 ఏప్రిల్ 13న బరంపురంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. 1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది. అక్కడ తెలుగు పిల్లల కార్యక్రమాన్ని రాఘవరావు, ఆయన భార్య కామేశ్వరి భుజాన వేసుకున్నారు. ఇద్దరూ భార్యాభర్తలే అయినా పిల్లలకు మాత్రం ఒకరు అన్నయ్య, ఒకరు అక్కయ్య. ఆ పిలుపులే చివరిదాకా నిలిచిపోయాయి.

అసలు స్పెషల్ ఏంటంటే..

పిల్లల ప్రోగ్రామ్ అంటే పెద్దవాళ్లు చెప్పడం, పిల్లలు వినడం అని వాళ్లు అనుకోలేదు. పాట పిల్లలే పాడాలి. నాటిక పిల్లలే వేయాలి. స్టూడియోలో మైకు ముందుకు పిల్లల్నే తీసుకొచ్చారు. ఇంట్లో రేడియో దగ్గర కూర్చున్న పిల్లలకు వినిపించింది తమ వయసు వాళ్ల గొంతే.

రేడియోతోనే ఆగలేదు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. 1945లో 'బాల' అనే పత్రిక మొదలుపెట్టారు. బాపు బొమ్మలు, ముళ్లపూడి వెంకటరమణ రాతలు తొలిరోజుల్లో అచ్చయింది ఈ పత్రికలోనే. చిన్నపిల్లలు కదా అని పక్కన పెట్టకుండా చోటిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఆ రెండు పేర్లు చాలు.

హైదరాబాద్‌కు మకాం

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ దంపతులు హైదరాబాద్ వచ్చేశారు. బాలానంద సంఘం పనీ ఇక్కడికే వచ్చింది. అప్పట్లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ కరీంనగర్ జిల్లాలోవే. మన దగ్గరి పిల్లలకు షో అంటే రేడియోనే. హైదరాబాద్ కేంద్రంలో పిల్లల కార్యక్రమాలను తర్వాతి కాలంలో తురగా జానకీరాణి నడిపించారు. ఆమె కూడా రేడియో అక్కయ్యగానే పేరు తెచ్చుకున్నారు.

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో. అంటే అన్నయ్య టీవీ రోజులు కూడా చూశారు. 1980లో కామేశ్వరి కన్నుమూశారు. 1984 ఫిబ్రవరి 24న ఆయనా వెళ్లిపోయారు.

మరి ఇప్పుడు?

ఇవాళ ఫోన్‌లో పిల్లల వీడియోలకు కొదవే లేదు. ఎటొచ్చీ అందులో మన పిల్లలు ఉత్త ప్రేక్షకులు. రేడియో అన్నయ్య పద్ధతి ఇంట్లో కూడా ట్రై చేయొచ్చు. దానికి స్టూడియో అక్కర్లేదు. ఇవాళ వీడియో అయిపోగానే తర్వాతిది రాకముందే ఆపేయండి. ఇప్పుడు చూసిన కథ నువ్వు చెప్పు అని మీ బుజ్జిగాడినే అడగండి. మీరు వినండి. చెప్పడం తడబడినా పర్లేదు.. మైకు ఇప్పుడు వాడిదే!